మనిషి కాలుపెట్టని అడవి

"సున్నంతో గుర్తు పెట్టింది ఇక్కడ, నువ్వు తవ్వేది అక్కడ! కళ్లు నెత్తికెక్కాయా?"

అడవి సంరక్షణ పనికి కుదిరిన గిరిజన యువతి మీద సూపర్‌వైజర్ కేకలేశాడు. పాతవలసిన బోర్డు పక్కనే పడి ఉంది. 'మనిషి కాలుపెట్టని అడవి' అని దానిమీద రాయించింది ఆయనే.

"గుర్తు పెట్టినచోట రాళ్లున్నాయి సార్."

"భూమిలోకి తొంగిచూసి వచ్చావా? మీకు పని నేర్పేకంటే గోడకి చెప్పుకోవడం నయం. చెప్పినచోట తవ్వు, లేదా రేపట్నించి రాకు!"

వెనకున్న కూలీల జట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వింది తనను చూసేనని ఆయనకు ఒళ్లు మండింది. గునపం లాక్కుని తనే పొడిచాడు. ఖంగుమంది. మట్టి తోడితే మసిపట్టిన మూడు రాళ్లు ఒద్దికగా అమర్చి ఉన్నాయి.

"ఇది పొయ్యి కదూ?" అన్నాడు.

"మా అమ్మది. ఊరు ఖాళీ చేయించిన పొద్దున దీనిమీద అన్నం సగం ఉడికింది. దించుకోనివ్వలేదు. బోర్డు పక్కకి పాతితే పోయేదానికి, మీరే తవ్వారు."

ఆయన మొదటిసారి గొంతు తగ్గించాడు. "ఎన్ని ఇళ్లుండేవమ్మా?"

జట్టంతా పనిముట్లు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేసింది.

"తవ్వి లెక్కపెట్టుకోండి సార్," అంది ఆమె.