ఆరిందనుకున్న వత్తి

దీపావళి సాయంత్రం. దేవుడి గూట్లో రెండు ప్రమిదలు వెలిగించి, పండగపూట దీపం ఆర్పకూడదని అలాగే వదిలేసి, ఇంటివాళ్ళు తాళం వేసుకుని చుట్టాలింటికి వెళ్ళారు. అటక మీద పాత చీరల మూటలో పిల్లల్ని పెట్టుకున్న ఎలుకమ్మ ఇదే అదనని చరచరా కిందికి దిగింది. నువ్వుల నూనెలో నానిన వత్తంటే దానికి ప్రాణం.

"దాని జోలికి పోకే, కొసన నిప్పుంది," అంది గోడ మీది బల్లి అవ్వ.

"ఏటా తింటూనే ఉన్నాను అవ్వా! ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

వత్తి పట్టి లాగింది. మంట ఆరిపోయింది. "చూశావా!" అని అవ్వను వెక్కిరించి, వత్తిని తీసుకెళ్ళి మూటలో పిల్లల పక్కన పెట్టి, రెండోదాని కోసం మళ్ళీ దిగింది.

ఇంతలో కమురు వాసన. తలెత్తితే అటకంతా పొగ!

ఆరిన వత్తి కొస నల్లగానే ఉందే, నిప్పెక్కడ దాక్కుంది? ఎలుకమ్మ పైకి ఉరికి, ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని కిటికీలోంచి పెరట్లోకి చేర్చింది. మీసాలు కాలిపోయాయి. వెనక ఇల్లు భగభగ మండుతోంది.

"నేనా? ఇదంతా నేనేనా?" అని కొయ్యబారిపోయింది.

అప్పుడు పక్కింటి కిటికీ కంటబడింది. ఆ ఇంటికీ తాళమే. లోపల వెలుగుతున్న ప్రమిద మీదికి దాని చెల్లెలు వంగి ఉంది.

"వద్దే! ముట్టుకోకే!" అని ఎలుకమ్మ గొంతు చించుకుంది.

చెల్లెలు తల తిప్పి నవ్వింది. "ఏటా తింటూనే ఉన్నాను కదక్కా! ఎప్పుడైనా ఏమైనా అయిందా?"