నలుగురం

మౌయి నుంచి మొలొకాయి దీవికి అద్దె తెరచాప పడవలో వెళ్తున్నాం. చీకటి పడింది. పైన నా భార్య రష్మి చుక్కాని పట్టుకుని కూనిరాగం తీస్తోంది. కింద గదిలో పెద్దమ్మాయి దియ నిద్రపోతోంది. చిన్నది నైనిక, నేను మెలకువగా ఉన్నాం.

నేల కింద టక్ టక్‌మని చప్పుడైంది. మా ఊరు కాపెల్ దగ్గరి లేక్‌లో రెండేళ్లు సెయిలింగ్ నేర్చుకున్నాను గానీ, ఇలాంటిది ఎన్నడూ వినలేదు.

"ఫిష్ అయ్యుంటుందిలే," అన్నాను.

నైనిక వంగి నేలమీద రెండుసార్లు తట్టింది. కిందనుంచీ రెండుసార్లు వినిపించింది. మూడు తడితే మూడు. ఇద్దరికీ భలే సరదా వేసింది.

"హాయ్! మేము నాలుగు!" అని నేలకు నోరు ఆనించి చెప్పింది.

"మనుషుల్ని నాలుగు అనకూడదు కన్నా. నలుగురం అనాలి."

"నలుగురం," అంటూ నాలుగుసార్లు తట్టింది.

కిందనుంచి మూడే వచ్చాయి.

మళ్లీ నాలుగు తట్టింది. మళ్లీ మూడే. ఈసారి నిదానంగా, నేను దిద్దినట్టే, ఓపిగ్గా.

"నాన్నా, ముగ్గురు అంటోంది."

మాట తప్పు లేకుండా పలికింది. మెచ్చుకోబోయాను. పైన కూనిరాగం ఎప్పుడు ఆగిందో గుర్తురాలేదు.