మడ్‌గార్డుకు రెండు రంధ్రాలు

“రంధ్రాలా? ఈ కారుకా?” మెకానిక్ చేతిలోని డ్రిల్లింగ్ మెషిన్ బల్ల మీద పెట్టేశాడు. “మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?”

అతను ఆశ్చర్యపడటంలో తప్పు లేదు. మాస్టారి తండ్రి కొన్న ఆ కారుకు సిగ్నల్ లైట్లు లేవు. అది తయారైన రోజుల్లో వాటి ఊసే లేదు. ఎటు తిరగాలన్నా కిటికీలోంచి చెయ్యి చాపవలసిందే. పాత కార్ల ప్రదర్శనలో ఏటా బహుమతి వచ్చేది ఆ చెక్కుచెదరని రేకుకే కనక, మాస్టారు దానికి నువ్వుగింజంత రంధ్రం కూడా పడనివ్వలేదు.

“లైట్లు పెట్టించమని చెప్పీ చెప్పీ అమ్మగారికీ అబ్బాయిగారికీ నోళ్ళు నొప్పెట్టాయి. ‘చూసేవాడికి కళ్ళుంటే నా చెయ్యి చాలు’ అనేవారుగా మీరు!”

“చెయ్యి చూపిస్తే ఎవడికి తోచింది వాడు అనుకుంటాడయ్యా. లైటుకి ఒకటే అర్థం.”

కాలు విరిగి అయిదు నెలలు సొంతూళ్ళో మంచాన ఉన్న మెకానిక్, షెడ్డు తెరిచింది నిన్ననే. మాస్టారి భార్య అన్నగారింటికి వెళ్ళిపోయారని అతనికి తెలియదు. వెళ్తూ ఆమె ఒకటే మాట అన్నారు. “ఒక్క లైటు పెట్టించమంటే ఇన్నేళ్ళు పంతం పట్టారు. ఇక ఆ పంతంతోనే కాపురం చేసుకోండి.”

లెక్కల మాస్టారు ఆ మాటను లెక్కలాగే విప్పుకున్నారు. పంతం పోతే లైట్లు వస్తాయి. లైట్లు వస్తే ఆమె రావచ్చు. ఆ ‘రావచ్చు’ను పట్టుకునే ఇక్కడిదాకా వచ్చారు.

“ఓహో, అలకా!” సంగతి విని మెకానిక్ నవ్వేశాడు. “రేపు చూడండి, అమ్మగారు ముందు సీట్లో కూర్చుని మరీ వెళ్తారు. బంపరుకి పట్టీ వేసి బిగించేస్తాను, రంధ్రం అక్కర్లేదు.”

“అంత కిందనైతే కనపడదు. మడ్‌గార్డు మీదే పెట్టు. ముందువి ఎలా ఉన్నా సరే, వెనకవి మాత్రం పెద్దవి కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ కనపడాలి.”

డ్రిల్లు రేకులోకి దిగుతుంటే మెకానిక్కే ఓ క్షణం కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు మూసుకోలేదు.

కబురందుకుని మర్నాడు ఆమె అన్నగారితో షెడ్డుకు వచ్చారు. కారు దగ్గరకు రాలేదు. వెనగ్గా, నాలుగు బారల దూరంలో నిలబడ్డారు. మాస్టారు లోపల కూర్చుని కుడివైపు స్విచ్చి నొక్కారు. టిక్కు టిక్కుమంటూ లైటు వెలిగి ఆరసాగింది.

“కనిపిస్తోందా?” అద్దంలో ఆమెను చూస్తూ అడిగారు.

“కనిపిస్తోంది.” ఆమె చాలాసేపు దాన్నే చూశారు. “ఒక్క పూట పనా అండీ ఇది?”

ఆమె వెనుదిరిగి అన్నగారితో పాటే వెళ్ళిపోయారు. లైటు వెలుగుతూనే ఉంది, ఆరుతూనే ఉంది.

మెకానిక్ వచ్చి, లోపలికి చెయ్యి పెట్టి స్విచ్చి ఆపాడు. “ఇంత కోపమేంటండీ బాబూ! మీ వల్ల కాదుగానీ, అబ్బాయిగారిని పంపండి మాస్టారూ. ఆయన పిలిస్తే అమ్మగారు కాదనగలరా?”

నాలుగు నెలల కిందట కుడివైపు సందులోకి తిరగబోతూ మాస్టారు చెయ్యి చాపినప్పుడు, ‘నువ్వు ముందు పోరా’ అని తండ్రి తనకు ఎప్పుడూ చేసే సైగే అనుకుని, వెనకనుంచి మోటార్‌సైకిల్‌ను ఆ పక్కనే ముందుకు దూకించి, ఈ కారు కిందే ప్రాణం వదిలినవాడు ఆ అబ్బాయే.