సున్నం బస్తా

"తాతా, ఆ బస్తా టాపు మీదెయ్యి. లేదంటే నువ్వు దిగు," అన్నాడు డ్రైవర్ మెలిస్.

ముసలాయన బస్తాను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"పైన మంచు పడుద్ది బాబూ. ఇది కాల్చిన సున్నం. తడిసిందంటే వేడంతా అక్కడే పోద్ది."

"ఒళ్లో కూర్చోబెట్టుకోడానికి అదేమన్నా పెళ్లికూతురా?"

వ్యానంతా నవ్వింది. నాలుగు నెలల పాపతో ముందు సీట్లో కూర్చున్న పెరిజాత్ కూడా నవ్వింది.

బండి వాడిది, మాటా వాడిదే. బస్తా పైకెక్కింది. ముసలాయన మాత్రం మూతున్న చిన్న డబ్బాలో పట్టినంత సున్నం నింపుకుని తలుపు పక్కన ముడుచుకున్నాడు.

బయల్దేరే ముందు అందరిలోకీ పెద్దవాడు చేతులెత్తి దీవించడం అక్కడి ఆచారం. ముసలాయన చేతులెత్తేసరికే మెలిస్ బండి కదిలించేశాడు.

కనుమ ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. మంచు ముంచుకొచ్చింది. డీజిల్ గడ్డకట్టి ఇంజను ఆగిపోయింది. ముందుకూ దారి లేదు, వెనక్కీ లేదు.

పైన ఏదో బుసకొట్టింది. మెలిస్ తల బయటపెట్టి చూశాడు. టాపు మీద బస్తా పొగలు కక్కుతోంది. ఎవరికీ పనికిరాకుండా ఆకాశానికి కాపడం పెడుతోంది.

గంట గడిచాక పాప ఏడుపు మానేసింది. అందరికీ అప్పుడు భయం వేసింది.

"పాలు తాగట్లేదు... కాళ్లు చల్లబడిపోయాయి," పెరిజాత్ ఏడ్చేసింది.

"నీ ఇనప కెటిల్ ఇలా ఇవ్వు," అన్నాడు ముసలాయన మెలిస్‌తో.

అందులో గుప్పెడు సున్నం వేసి, పైన గుప్పెడు మంచు వేశాడు.

"మొహాలు పక్కకి తిప్పుకోండి. కళ్లలో పడితే కళ్లు పోతాయి."

కెటిల్ కుతకుతలాడింది. మూత బిగించి, తన గొర్రెతోలు కోటు విప్పి దానికి చుట్టి, పాప పక్కన పెట్టాడు.

"నిప్పు లేకుండా ఇంత వేడి ఎక్కడిదయ్యా?" అంది వెనక సీటు ముసలమ్మ.

"బట్టీలో మూడ్రోజులు తాగిన మంటమ్మా. కడుపులో దాచుకుంటది. నీళ్లు తగిలితే తిరిగిచ్చేస్తది."

కెటిల్ చల్లారినప్పుడల్లా మరో గుప్పెడు. పాప కాళ్లు కదిపింది.

"కోటన్నా వేసుకో తాతా. నువ్వూ ఇటు జరుగు," అంది పెరిజాత్.

"వద్దు తల్లీ. డబ్బా చిన్నది. పాపకే చాలాలి."

మెలిస్ తల పైకెత్తి టాపు వైపు చూశాడు. వెంటనే దించేసుకున్నాడు. ఆ రోజు వాడికి తన నోటి మీద తనకే అసహ్యం పుట్టింది.

సాయంత్రానికి మంచు తోసే ట్రాక్టర్ వచ్చింది. పాప పాలు తాగుతోంది.

"తాతా, బతికాం! లే!"

మెలిస్ ఆయన భుజం తట్టాడు. చలిగాలి లోపలికి రాకుండా తలుపు సందుకు వీపానించి కూర్చున్న ముసలాయన అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఒళ్లో డబ్బా ఖాళీగా ఉంది.

ట్రాక్టర్ డ్రైవర్ ఆ మొహం చూసి టోపీ తీశాడు.

"నీకు తెలుసా అన్నా ఈయన?" మెలిస్ ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "సున్నం ఎవరింటికో తీసుకెళ్తున్నాడు. ఆ ఇంటికి కబురు పెట్టాలి."

"ఎవరింటికీ కాదురా. పదేళ్ల కింద ఈయన మనవరాలు ఇక్కడే మంచులో చిక్కుకుని చచ్చిపోయింది. అప్పట్నించీ మంచు కురిసినప్పుడల్లా ఏదో ఒక బండెక్కి కనుమ దాటుతుంటాడు. ఆ బస్తా, ఈ మంచులో చిక్కుకున్నోళ్ల కోసమే!"