గైడ్ పేరు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నా ఇంటర్న్‌షిప్ చివరి రోజు. రిపోర్టులో గైడ్‌గా తన పేరు రాయమన్నాడు ఇంజనీరు. ఆరు వారాల్లో ఆయన నాతో మాట్లాడింది రెండుసార్లు. "నా సంతకం లేకపోతే క్రెడిట్లు రావు," అన్నాడు.

చక్రాన్ని సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు పట్టడం నాకు నేర్పింది షెడ్డు ఊడ్చే దాలమ్మ పిన్ని. కోపంతో ఆమె పేరే రాసి, వెళ్లి చదివి వినిపించాను.

పిన్ని ముఖం పాలిపోయింది. "కొట్టేయే పాపా. ఊడ్సేదాన్ని సక్రం ముట్టుకున్నానని తెలిస్తే నన్ను తీసేత్తారు."

"ఇరవై ఏళ్ల నుంచి చక్రాలు చూస్తున్నావు కదా, ఇంజనీరుకి తెలీదా?"

"తెల్దు గనకే ఇక్కడున్నాను."

ఆమె పేరు కొట్టేసి ఇంజనీరు పేరు రాశాను. కృతజ్ఞతలూ ఆయనకే రాశాను. పెన్ను కాగితాన్ని చించింది.

అదీ చదవమంది పిన్ని. మొత్తం విని, "బాగా రాసినావు," అంది.