తెర మీద అత్తగారు

“నాలుగింటికి ఆపరేషన్ థియేటర్ నుంచి పేషెంట్‌ని మూడో బెడ్డు మీదికి తెస్తారు. ఈలోగా ఈ మానిటర్ మనుషుల భాష మాట్లాడాలి మేడమ్,” అన్నాడు ఆసుపత్రి మేనేజర్. మిగతా బెడ్లన్నీ నిండిపోయాయి. గడియారం మూడుంబావు చూపిస్తోంది.

కంపెనీ నుంచి వచ్చిన ఆమె అప్పటికే లాప్‌టాప్ తెరిచేసింది.

పొద్దున కొంప మునిగినంత పనైంది. ఇదే బెడ్డు మీద ఒక ముసలాయనకు ఊపిరి అందక మానిటర్ మోగింది. తెర మీద ఎర్రగా ‘అత్తగారు వచ్చారు’ అని వెలిగింది. “బయట కూర్చోమనండి,” అని నర్సు తన పనిలో పడింది. డాక్టరు అటుగా రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ముసలాయన దక్కేవాడు కాదు. ఆయన్ని వేరే వార్డుకు మార్చారు.

అలాంటివన్నీ, ప్రోగ్రాం రాసినతను హెచ్చరికలకు లోపల సరదాగా పెట్టుకున్న పేర్లు. బయటివాళ్ల కంట పడాల్సినవి కావు. నిన్న ఎక్కించిన కొత్త సాఫ్ట్‌వేర్, అసలు హెచ్చరికల బదులు వాటినే తెర మీదికి తెచ్చింది. మొత్తం ముప్ఫై రెండు. దేని అర్థం ఏమిటో ఎక్కడా రాసి లేదు.

“ఆ మహానుభావుడు పొద్దుట్నుంచి ఫోనెత్తడం లేదు,” మేనేజర్ పళ్లు నూరాడు.

“ఎత్తరు,” అందామె తల ఎత్తకుండానే.

“ఆయన మీకు తెలుసా?”

“పన్నెండేళ్లు కలిసి పనిచేశాం.”

‘కుళాయి ఆగింది’ తీసి ‘సెలైన్ అయిపోయింది’ అని పెట్టింది. ‘మూడో కూత’ తీసి ‘రక్తపోటు పెరిగింది’ అని కొట్టింది.

“అదెలా?”

“కుక్కర్ కూతండీ. మూడోది వస్తే పరిగెత్తాలిగా.”

“మరి అత్తగారు?”

“ఆవిడొస్తే ఆయనకి ఊపిరాడదు. ‘ఆక్సిజన్ తగ్గింది’.”

మేనేజర్ పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ఒక్కటి తప్పు పడినా ప్రాణం పోతుంది, మేడమ్.”

“తెలుసండీ.” ఆమెకీ భయంగా ఉంది. అయినా చెయ్యి ఆపలేదు.

నాలుగవడానికి ఐదు నిమిషాలుంది. బయట లిఫ్టు ఆగిన చప్పుడు. ఇంకొక్కటే మిగిలింది. ‘బంగారం’.

“ఇదేంటి, పేషెంటు ఒంటి మీది నగలా?”

ఆమె కళ్లు తుడుచుకుని ‘గుండె వేగం’ అని కొట్టింది.

“ఖాయమేనా?”

“ఖాయం.”

నర్సు తన వేలికే క్లిప్పు పెట్టుకుని చూసింది. ‘గుండె వేగం 84’ అని వెలిగింది. మేనేజర్ హమ్మయ్య అనుకున్నాడు.

తలుపులు తెరుచుకున్నాయి.

స్ట్రెచర్ మీద, ఆ ముప్ఫై రెండు పేర్లూ పెట్టిన మనిషి మత్తులోనే “బంగారం…” అని గొణిగితే, ఆమె లాప్‌టాప్ వదిలేసి “ఇక్కడే ఉన్నానండీ” అంటూ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.