తాళం వేసిన పొయ్యి

“ఈ తాళం వేసినవాడి చేతులు పడిపోను!”

మంచు మీద కుక్కలు లాగే బండి ఆగీ ఆగకముందే ఎల్సీ డెమోస్కి అరిచింది. అలాస్కాలో ఏటిగట్టున, దారినపోయేవాళ్లు తలదాచుకునే ఆ దుంగల గదికి ఆమె పుట్టి బుద్ధెరిగాక తాళమన్నదే లేదు. ఈ చలికాలమే నేషనల్ పార్కువాళ్లు బిగించి పోయారు. ఇప్పుడా తలుపుకి ఆనుకుని ఒక మనిషి కూలబడి ఉన్నాడు. నడుం దాకా బట్టలు గడ్డకట్టి రేకులైపోయాయి. గడ్డం నిండా మంచు. తలుపు కింది భాగమంతా బూటు దెబ్బలు.

“బతికున్నావా, నాయనా? పేరేంటి?”

“వెండెల్.” పెదాలు కదల్లేదు, మాట మాత్రం వచ్చింది. “ఏరు... పైన మంచే అనుకున్నా. కింద నీళ్లు. దిగబడిపోయా. స్కీలు, సంచి, గొడ్డలి, అన్నీ పోయాయి.”

“చేతి తొడుగులు?”

“అవీ.”

చేతులు చూసింది. వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి.

“కొండలెక్కడానికి వచ్చావా? ఏటేటా మీలాంటి పిచ్చోళ్లని మోసుకెళ్లడమే మా పనైపోయింది!”

అతని చూపు తలుపు మీది తాళం వైపు పోయింది.

ఊరికి తీసుకెళ్దామంటే దారిలోనే చీకటి పడుతుంది. తడిబట్టల మనిషి శవమై చేరతాడు. కిటికీలోంచి దూరదామంటే ఎలుగుబంట్లు రాకుండా కొట్టిన చెక్కలు, వాటి నిండా బయటికి పొడుచుకొచ్చిన మేకులు. మిగిలింది తలుపే. తలుపు మీద కాగితం: ఎలుగుబంట్ల బెడద వల్ల గది మూసివేయబడినది. తాళం పగలగొట్టినవారికి పార్కులో జంతువులకు ఉచ్చులు పెట్టే అనుమతి రద్దు.

“ఎలుగుబంట్లట! అవన్నీ గుహల్లో గురక పెడుతుంటే ఈ తాళం ఎవరికిరా? అది రావాలనుకుంటే గోడ పీక్కునే వస్తుంది. తాళం ఆపేది మనుషుల్నే!”

బండిలోంచి గొడ్డలి లాగింది.

“వద్దు పెద్దమ్మా,” అన్నాడు వెండెల్. “మీ అనుమతి పోతుంది.”

ఎల్సీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఈ అడవిలో ఉచ్చులు లేకపోతే ఆమె ఇంట్లో చలికాలం గడవదు. అది ఆ కాగితం రాసినవాడికీ తెలుసు. వెచ్చటి ఆఫీసులో కూర్చున్నవాడికి తాళమంటే జాగ్రత్త. బయట నిలబడ్డవాడికి తాళమంటే చావు.

“ముందు నువ్వు పోతావు. నోర్మూసుకో!”

గొడ్డలి వెనక మొద్దుతో ఒక్కటిచ్చింది. ఇంకోటిచ్చింది. ఆ చలికి ఇనుమూ గాజే. తాళం పెళ్లున విరిగి మంచులో పడింది.

అతన్ని లోపలికి ఈడ్చి, ఇనప పొయ్యి తలుపు తెరిచి, అలాగే నిలబడిపోయింది. లోపల ఇట్టే అంటుకునే బర్చ్ చెట్టు బెరడు, దాని మీద సన్నగా చీల్చిన పుల్లలు, ఆపైన ఎండు కట్టెలు. పక్కనే అగ్గిపెట్టె. వెళ్లేవాడు వచ్చేవాడికోసం పొయ్యి పేర్చి పోవాలి. వేళ్లు కొంకర్లు పోయినవాడు కూడా ఒక్క పుల్ల గీస్తే చాలన్నట్టు ఉండాలి. ఆ ఏటి పొడుగునా అదే ధర్మం.

“ఏ తల్లి కన్న బిడ్డో! ఇది పేర్చిన చేతులకి దండం పెట్టాలి.”

పుల్ల గీసింది. మంట భగ్గుమంది. తడిబట్టలు ఊడలాగి అతన్ని తన బొచ్చు దుప్పట్లో చుట్టింది. అతను వణుకుతూ చేతులు మంటకేసి చాపాడు. ఎల్సీ చటుక్కున ఒక్కటేసింది.

“మంటకి చూపించకు! ఉన్న తోలు ఊడొస్తుంది.”

తన కోటు విప్పి, చొక్కా పైకి లాగి, ఆ రెండు చేతుల్నీ తన పొట్టకి అదిమేసుకుంది.

“అమ్మో! చచ్చిన చేపల్ని పెట్టుకున్నట్టుంది.”

అతను మొహం తిప్పుకున్నాడు.

“సిగ్గా? నలుగుర్ని కన్న పొట్టరా ఇది. దీనికి లేని సిగ్గు నీకెందుకు?”

ఎండుచేప ముక్క ఒకటి అతని నోట్లో పెట్టింది. నములుతుంటే కాసేపటికి అతని కళ్లవెంట నీళ్లు కారాయి.

“నొప్పా? మంచిది. నొప్పుందంటే ప్రాణముంది. ఆ తాళం వేసినవాడు నాకు దొరకాలి గానీ, వాడి చేతులు...”

“తిట్టకండి, పెద్దమ్మా.”

“ఏం, నీకు చుట్టమా వాడు?”

వెండెల్ నోట్లో ముక్క మింగాడు.

“నా సంచిలో పోయినవి తాళంచెవులు. ఏటి పొడుగునా ఉన్న గదులన్నిటివీ. తాళాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికే బయల్దేరాను.”

బయట కుక్కలు ఒళ్లు దులుపుకుంటున్న చప్పుడు. ఎల్సీ పొయ్యి వైపు చూసింది.

“మరి అది?”

“అది పేర్చిందీ నేనే. పేర్చకుండా వెళ్లకూడదని మీ ఊరివాళ్లు నేర్పారు. తాళం వెయ్యమని పార్కు ఆఫీసు చెప్పింది. రెండూ చేశాను.”

“కూడు వడ్డించి మూతి కుట్టావు కదరా!”

అతను నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకోబోయాడు. ఎల్సీ వదల్లేదు. ఇంకా గట్టిగా పొట్టకి అదుముకుంది.

“కదలకు. ఈ వేళ్లు నాకు కావాలి.”

“ఎందుకు?”

గుమ్మం పక్కనున్న గొడ్డలిని గడ్డంతో చూపించింది.

“తాళంచెవులన్నీ ఏట్లో పోసి వచ్చావు. మిగతా తలుపులు మీ తాతొచ్చి తెరుస్తాడా? వేళ్లు వంగిన రోజే ఆ గొడ్డలి పట్టుకో. ఒక్క తాళం మిగలకూడదు!”